పాత రేసు జాగ్వార్‌కు వెనుక కాలిపర్లు: పాఠకుల ప్రశ్నలు, మా సమాధానాలు

ప్రశ్న: మాది ఏలూరు. ఉద్యోగరీత్యా కవెంట్రీలో ఉంటున్నాను. ఇద్దరు మిత్రులతో కలిసి 1962 నాటి 3.8 లీటర్ల జాగ్వార్ ఈ-టైప్ కారు కొని, పాత కార్ల రేసుల్లో నడుపుతున్నాము. బ్రేకులు ఇంకా బలంగా ఉండాలని వెనుకనున్న డన్‌లప్ ఇనుప కాలిపర్లను (డిస్కును రెండు వైపుల నుంచి ప్యాడ్లతో నొక్కి పట్టే బ్రేకు భాగాలను) తీయించి, 48 మి.మీ. పిస్టన్లున్న అల్యూమినియం కాలిపర్లు పెట్టించాము. పాతవాటి పిస్టన్లు 44.5 మి.మీ., ముందు కాలిపర్లవి 54 మి.మీ. ఉన్నాయి. పెడల్ దగ్గర బయాస్ బార్ (పెడల్ బలాన్ని ముందు, వెనుక బ్రేకులకు పంచే కడ్డీ) ఉంది. ముందుకు, వెనుకకు వేర్వేరుగా ఉన్న మాస్టర్ సిలిండర్లు (పెడల్ తొక్కుడును ఆయిల్ ఒత్తిడిగా మార్చేవి) రెండూ 19 మి.మీ.వే. ప్యాడ్లు నాలుగు చక్రాలకూ ఒకే రకం. ఇప్పుడు మలుపు ముందు గట్టిగా బ్రేకు వేస్తే కారు వెనుక భాగం పక్కకు జారుతోంది. రేసు సగం దాటేసరికి పెడల్ బాగా కిందికి పోతోంది. డిఫరెన్షియల్ (ఇంజిను శక్తిని రెండు వెనుక చక్రాలకు పంచే గేర్ల పెట్టె) పక్కన ఆయిల్ తడి కూడా కనిపిస్తోంది. కాలిపర్ రెండు ముక్కల మధ్య స్పేసర్ (ఎడం పెంచే లోహపు ముక్క) పెట్టి వెడల్పు చేసి, లోపల గాలి ఆడే మందపు డిస్కులు వేస్తే సమస్య తీరుతుందని వర్క్‌షాపువారు అంటున్నారు. చేయించవచ్చా? (ఒక పాఠకుడు, కవెంట్రీ, ఇంగ్లండ్)

సమాధానం: స్పేసర్ ఆలోచనను ప్రస్తుతానికి విరమించుకోండి. 48 మి.మీ. కాలిపర్లను కూడా తీసేసి, పాత ఇనుప కాలిపర్లను బాగుచేయించి తిరిగి అమర్చుకోవాలన్నది మా సలహా. మీరు మూడు ఇబ్బందులు రాశారు గానీ, వాటి మూలం ఒక్కటే. వెనుక చక్రాలు చేయగలిగిన దానికంటే ఎక్కువ పనిని పెద్ద పిస్టన్ల ద్వారా మీరు వాటికి అప్పగించారు. కారు జారడం ఆ అదనపు పని వల్లనే, పెడల్ పోవడం, ఆయిల్ కారడం ఆ పనితో పాటు వెళ్లిన వేడి వల్లనే జరుగుతున్నాయి.

లెక్క చూద్దాం. రేసుకు సిద్ధం చేసిన మీ కారు డ్రైవరుతో కలిపి 1200 కిలోలు, బరువు ముందు వెనుకలకు సరిసమానం, గురుత్వ కేంద్రం నేల నుంచి అర మీటరు ఎత్తులో ఉందనుకుందాం. ఈ-టైప్ ముందు వెనుక ఇరుసుల మధ్య దూరం 96 అంగుళాలు, అంటే సుమారు 2.44 మీటర్లు. పొడి రోడ్డు మీద గురుత్వ త్వరణంలో తొమ్మిది పదో వంతుల మందగమనంతో బ్రేకు వేస్తే, 1200ను 0.5తోను 0.9తోను గుణించి 2.44తో భాగించగా వచ్చే 221 కిలోల బరువు వెనుక నుంచి ముందుకు మారుతుంది. అప్పుడు ముందు టైర్ల మీద 821 కిలోలు, వెనుక టైర్ల మీద 379 కిలోలు ఉంటాయి. టైరు పట్టు దాని మీదున్న బరువును బట్టి ఉంటుంది గనుక, బ్రేకు బలం కూడా దాదాపు 68:32 నిష్పత్తిలో పంచుకోబడితేనే నాలుగు టైర్లూ తమ శక్తి మేరకు పనిచేస్తాయి. వానలో మందగమనం గురుత్వ త్వరణంలో సగానికి పడిపోతే ఆ నిష్పత్తి 60:40 అవుతుంది.

ఇక మీ కాలిపర్లు ఏ నిష్పత్తి ఇస్తున్నాయో చూడండి. 54 మి.మీ. పిస్టన్ వైశాల్యం 22.9 చదరపు సెంటీమీటర్లు. ముందు డిస్కు 11 అంగుళాలది, వెనుక డిస్కు 10 అంగుళాలది. ప్యాడ్ ఒత్తే చోటు కేంద్రం నుంచి ముందు 120 మి.మీ., వెనుక 108 మి.మీ. దూరంలో ఉందని తీసుకుంటే, పాత 44.5 మి.మీ. పిస్టన్లతో ముందు వెనుకల వాటా 62:38 వస్తుంది. 48 మి.మీ. పిస్టన్లతో అది 58:42కు దిగజారింది. పొడి రోడ్డుకు కావలసిన 68:32కు పాత అమరికే కొంచెం దూరంగా ఉండగా, మార్పు చేసి మీరు దాన్ని ఇంకా దూరం చేసుకున్నారు. పట్టేసిన చక్రం పక్కకు జారకుండా నిలవలేదు. ముందు చక్రాలు ముందుగా పట్టేస్తే కారు తిరగక నేరుగా పోతుంది, డ్రైవరు పెడల్ కాస్త వదిలితే సరిపోతుంది. వెనుక చక్రాలు ముందుగా పట్టేస్తే కారు గిర్రున తిరుగుతుంది, సరిదిద్దుకునే వ్యవధి చాలామందికి దొరకదు. పైగా గేరు తగ్గించినప్పుడు ఇంజిను కూడా వెనుక చక్రాలనే వెనక్కి లాగుతుంది గనుక, వెనుక బ్రేకుకు లెక్కలో వచ్చిన వాటా కంటే కొంచెం తక్కువే ఇవ్వడం మంచిది.

బయాస్ బార్ తిప్పి దీన్ని సరిచేయవచ్చు కదా అని మీరు అడగవచ్చు. 48 మి.మీ. పిస్టన్లతో 68:32 సాధించాలంటే పెడల్ బలంలో 60 శాతం ముందు సిలిండరుకు, 40 శాతం వెనుక సిలిండరుకు వెళ్లేలా బార్‌ను మధ్య నుంచి చాలా దూరం జరపాలి. అప్పుడు వానకోసమో, కొత్త టైర్లకోసమో సర్దుకునేందుకు మిగిలే చోటు తక్కువ. బార్ ఉన్నది చివరి మెరుగుకే గాని, తప్పు కొలతల పిస్టన్లను కప్పిపుచ్చడానికి కాదు. అందుకే 44.5 మి.మీ. కాలిపర్లకు తిరిగి వెళ్లి, వెనుక మాస్టర్ సిలిండరును 19 నుంచి 20.6 మి.మీ.కు మార్చండి. సిలిండరు వైశాల్యం పెరిగితే, అంతే బలానికి వెనుక పైపుల్లో ఒత్తిడి తగ్గుతుంది. బార్ సరిగ్గా మధ్యలో ఉండగానే వాటా దాదాపు 66:34కు వస్తుంది, అక్కడి నుంచి పొడి రోడ్డుకు ముందు వైపు కొన్ని చుట్లు, వానకు వెనుక వైపు కొన్ని చుట్లు తిప్పుకుంటే చాలు. దీనితో ఇంకొక లాభం కూడా ఉంది. ప్యాడ్లు డిస్కును గట్టిగా పట్టేలోగా ఒక్కొక్క పిస్టన్ 0.3 మి.మీ. కదులుతుందనుకుంటే, ప్రస్తుత అమరికలో వెనుక మాస్టర్ సిలిండరు పిస్టన్ 7.7 మి.మీ. నడవాలి. కొత్త అమరికలో 5.6 మి.మీ. చాలు, కాబట్టి పెడల్ పైభాగంలోనే గట్టిగా నిలుస్తుంది.

సిలిండరు మార్చడం ఇష్టం లేకపోతే ఇంకొక దారి, వెనుక మాత్రం ఘర్షణ తక్కువ ఉన్న ప్యాడ్లు వాడటం. ఖర్చు తక్కువే గాని, రెండు రకాల ప్యాడ్లకూ వేడితో పాటు ఘర్షణ ఒకే తీరున మారదు గనుక, మొదటి ల్యాపులో ఉన్న నిష్పత్తి పదో ల్యాపులో ఉండదు. మేము దాన్ని రెండో ఎంపికగానే చూస్తాము.

ఇప్పుడు వేడి సంగతి. ఈ-టైప్‌లో వెనుక డిస్కులు చక్రాల దగ్గర ఉండవు. డిఫరెన్షియల్ నుంచి బయటికి వచ్చే షాఫ్టుల అంచులకు, అంటే కారు మధ్యలో, ఒక ఉక్కు చట్రం లోపల ఉంటాయి. చక్రం పక్కన దొరికే గాలి అక్కడ దొరకదు. 200 కి.మీ. వేగం నుంచి 90 కి.మీ.కు దిగే ఒక్క బ్రేకుకు 1200 కిలోల కారు సుమారు 15 లక్షల జౌళ్ల శక్తిని వదులుకోవాలి. వెనుక వాటా 42 శాతమైతే, ఒక్కొక్క డిస్కు బరువు 4 కిలోలనుకున్నప్పుడు, ఆ ఒక్క బ్రేకుతో డిస్కు వేడి దాదాపు 165 డిగ్రీలు పెరుగుతుంది. వాటా 33 శాతమైతే 130 డిగ్రీలే పెరుగుతుంది. మలుపు మలుపుకూ ఈ తేడా కూడుతుంది. ఆ వేడి ఒకవైపు ప్యాడ్ మీదుగా పిస్టన్‌లోకి, అక్కడి నుంచి బ్రేకు ఆయిల్‌లోకి పోయి దాన్ని మరిగిస్తుంది. ఆయిల్ ఆవిరైన చోట ఒత్తిడి నిలవదు గనుక పెడల్ కిందికి పోతుంది. ఇంకోవైపు డిస్కు నుంచి షాఫ్టులోకి పాకి డిఫరెన్షియల్ సీళ్లను (ఆయిల్ కారకుండా ఆపే వలయాలను) గట్టిపరుస్తుంది. మీకు కనిపిస్తున్న తడి అక్కడిదే. దాన్ని చిన్న విషయంగా తీసుకోకండి. ఆ ఆయిల్ ఒకసారి డిస్కు మీద పడితే ఆ వైపు బ్రేకు లేనట్టే. సీళ్లు మార్చకుండా, ప్యాడ్లు పారేయకుండా తర్వాతి రేసుకు వెళ్లవద్దు.

అల్యూమినియం కాలిపర్ విషయంలో మీ వర్క్‌షాపువారి తర్కం ఇక్కడే తప్పింది. సాధారణంగా కాలిపర్ బరువు తగ్గించేది స్ప్రింగుల కింద ఊగే బరువు తగ్గి, టైరు రోడ్డును విడవకుండా ఉంటుందని. ఈ-టైప్ వెనుక కాలిపర్ డిఫరెన్షియల్‌కు బిగించి ఉంది. అది ఇప్పటికే స్ప్రింగుల పైనున్న బరువు. కాబట్టి ఆ లాభం ఇక్కడ లేదు, మిగిలేది మొత్తం బరువులో కొద్దిపాటి తగ్గింపు మాత్రమే. దానికి బదులుగా మీరు తెచ్చుకున్నది ఇనుము కంటే త్వరగా వేడిని ఆయిల్‌కు చేరవేసే లోహం, అదే మందానికి ఇనుము కంటే ఎక్కువ వంగే లోహం, 200 డిగ్రీలకు దగ్గరయ్యేకొద్దీ బలం తగ్గే లోహం. ముందు చక్రాల దగ్గర అయితే మేము ఇంత గట్టిగా చెప్పము.

పాత ఇనుప కాలిపర్ల మీద చేయవలసిన పని చాలా ఉంది, డబ్బు అక్కడ పెట్టండి. 1961 నుంచి వచ్చిన ఈ డన్‌లప్ కాలిపర్లలో పిస్టన్‌ను వెనక్కి లాగేది సీలు కాదు. పిస్టన్ లోపలికి దూరే ఒక పిన్నూ, దాన్ని బిగువుగా పట్టుకునే ఒక బుష్షూ ఉంటాయి. బ్రేకు వదిలినప్పుడు ప్యాడ్‌కూ డిస్కుకూ మధ్య సన్నని సందు మిగిలేలా చూసేవి ఆ రెండే. బుష్ పట్టు వదులైతే ప్యాడ్ డిస్కును రాసుకుంటూనే ఉంటుంది, అంటే బ్రేకు వేయని చోట కూడా డిస్కు వేడెక్కుతుంది. ఈ ఒక్క భాగాన్ని చూడకుండా కొత్త సీళ్లు వేసి కాలిపర్ బాగుచేశామనే వాళ్లు ఎందరో ఉన్నారు. పనివారికి దీన్ని విడిగా చెప్పి చేయించుకోండి.

తర్వాత కాలిపర్‌ను డిస్కుకు సరిగ్గా మధ్యలో నిలపాలి. ఫీలర్ గేజ్‌తో డిస్కుకు రెండు వైపులా సందు కొలిచి, తేడా 0.25 మి.మీ. మించితే తగిన మందం షిమ్ములతో (పలుచని రేకులతో) సరిచేయండి. డయల్ గేజ్‌ను డిస్కు అంచు దగ్గర పెట్టి చేత్తో తిప్పి చూడండి, ఊగు 0.1 మి.మీ. లోపు ఉంటే మంచిది. ఎక్కువ ఉంటే డిస్కును నిందించే ముందు డిఫరెన్షియల్ షాఫ్టు బేరింగులో అటూఇటూ కదలిక ఉందేమో చూడాలి. ఈ కారులో డిస్కు నిలిచేది ఆ బేరింగు మీదే. బేరింగు వదులైతే మలుపులో డిస్కు పక్కకు కదిలి ప్యాడ్లను వెనక్కి తోస్తుంది, తర్వాతి బ్రేకుకు పెడల్ మొదటి తొక్కుడు వృథాగా పోతుంది. రేసు మొదట్లోనే, ఏమీ వేడెక్కకముందే, పెడల్ ఒకసారి లోతుకు పోయి రెండో తొక్కుడుకు గట్టిపడుతోందా అని గమనించండి. అలా అయితే అది ఆయిల్ మరిగిన లక్షణం కాదు, బేరింగు లక్షణం.

ప్యాడ్ వెనుక స్టెయిన్‌లెస్ స్టీలు పలుచని రేకు పెట్టడం, ప్యాడ్లను సగం అరగక ముందే మార్చడం, కారు అడుగు నుంచి గొట్టం ద్వారా గాలిని డిస్కు లోపలి ముఖం మీదికి మళ్లించడం, ఈ మూడూ తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితమిచ్చే పనులు. స్టెయిన్‌లెస్ స్టీలు మామూలు ఉక్కులో మూడో వంతు వేడిని మాత్రమే దాటనిస్తుంది. ఒకే ఒక్క మార్పు చేయడానికి తీరిక ఉంటే మేము గాలి గొట్టానికే ఓటు వేస్తాము.

ఇన్నీ చేసిన తర్వాత కూడా వేడి అదుపులోకి రాకపోతే మందపు డిస్కు గురించి ఆలోచించవచ్చు. అయినా కాలిపర్ మధ్య స్పేసర్ పెట్టడాన్ని లేత్ దగ్గర తేలికగా జరిగే పనిగా భావించవద్దు. పైపుల్లో 70 బార్ల ఒత్తిడి ఉన్నప్పుడు 44.5 మి.మీ. పిస్టన్ వెనుక టన్నుకు పైగా బలం పుడుతుంది. కాలిపర్ రెండు భుజాలను విడదీయడానికి ప్రయత్నించేది ఆ బలమే. స్పేసర్ వేస్తే బోల్టులు పొడవవుతాయి, పొడవైన బోల్టు అదే బలానికి ఎక్కువ సాగుతుంది, భుజాలు ఎక్కువ తెరుచుకుంటాయి, పెడల్ మెత్తబడుతుంది. బోల్టు నాణ్యత, బిగింపు, స్పేసర్ ముఖాల సమతలం, అవి పక్కకు జారకుండా ఉంచే డోవెల్ పిన్నులు, వీటిలో ఏ ఒక్కటి తప్పినా ఫలితం మెత్తటి పెడల్‌తో ఆగకపోవచ్చు. మీరు అంతర్జాతీయ ఆటోమొబైల్ సమాఖ్య పర్యవేక్షణలో జరిగే చారిత్రక రేసులకు వెళ్లదలిస్తే మరొక అడ్డంకి ఉంది. ఆ సమాఖ్య నియమావళిలోని అనుబంధం-కె ప్రకారం కారు తన కాలంలో పోటీకి వాడిన నిర్దేశాలకు అనుగుణంగా ఉండాలి, ఆ వివరాలు కారు సాంకేతిక పాస్‌పోర్టులో నమోదై ఉండాలి. ఆ కాలపు రుజువు చూపలేని డిస్కులతోగాని, మీ ఇప్పటి అల్యూమినియం కాలిపర్లతోగాని తనిఖీ దగ్గర చిక్కు వస్తుంది.

మార్పులు అయ్యాక మొదటి పరీక్ష రేసులో చేయవద్దు. ఖాళీ ట్రాక్ మీద, నేరుగా ఉన్న చోట, కొత్త ప్యాడ్లను అలవాటు చేసిన తర్వాత, క్రమంగా గట్టిగా బ్రేకు వేస్తూ ముందు చక్రాలే ముందుగా పట్టేస్తున్నాయని బయట నిలబడ్డ మనిషి కంటితో నిర్ధారించాలి. ఆ తర్వాతే బయాస్ బార్‌ను వెనక్కి అర చుట్టు చొప్పున జరపండి.

ప్రశ్న: డిస్కు బ్రేకును చక్రం దగ్గర కాకుండా డిఫరెన్షియల్ పక్కన ఎందుకు పెట్టారు? ఇంత వేడి సమస్య ఉన్నప్పుడు మొదట్లోనే మానేయవచ్చు కదా? (ఒక మెకానికల్ ఇంజనీరింగ్ విద్యార్థి, సికింద్రాబాద్)

సమాధానం: స్ప్రింగుల కింద ఊగే బరువును తగ్గించడానికి. డిస్కూ కాలిపరూ చక్రంతో పాటు పైకీ కిందికీ ఊగకపోతే గతుకుల మీద టైరు రోడ్డును అంటిపెట్టుకుని ఉంటుంది. ఈ-టైప్‌కు ముందు వచ్చిన జాగ్వార్ రేసు కార్లలో ఈ అమరిక లేదు. 1952లో ఫ్రాన్సులోని రీమ్స్‌లో స్టిర్లింగ్ మాస్ డిస్కు బ్రేకులున్న సి-టైప్‌తో గెలిచారు. 1953లో డంకన్ హామిల్టన్, టోనీ రోల్ట్ అదే రకం కారుతో లె మాన్స్ 24 గంటల రేసును తొలిసారి గంటకు 100 మైళ్లకు మించిన సగటుతో గెలిచారు. ఆ కార్లకూ, వాటి తర్వాత వచ్చిన డి-టైప్‌కూ వెనుక ఒకే గట్టి ఇరుసు ఉండేది, డిస్కులు చక్రాల పక్కనే ఉండేవి. ఈ-టైప్‌కు వెనుక చక్రాలు విడివిడిగా ఊగే స్వతంత్ర సస్పెన్షన్ వచ్చాక డిస్కులను లోపలికి జరపడం సాధ్యమైంది.

లోపలి బ్రేకుకు వేడి ఒక్కటే లోపం కాదు. చక్రాన్ని ఆపే బలమంతా హాఫ్ షాఫ్టు (డిఫరెన్షియల్‌ను చక్రంతో కలిపే షాఫ్టు) గుండా పోవాలి. ఆ షాఫ్టో, దాని కీలో విరిగితే ఆ చక్రానికి బ్రేకు ఉండదు. 1970లో ఇటలీలోని మోంజాలో ఫార్ములా వన్ డ్రైవరు యోకెన్ రింట్ మరణించిన లోటస్ 72 కారు ప్రమాదానికి ముందు చక్రపు బ్రేకు షాఫ్టు విరగడమే ఆరంభమని చెబుతారు. అందుచేత పాత జాగ్వార్ నడిపేవారు కాలిపర్లతో పాటు హాఫ్ షాఫ్టు కీళ్లను కూడా పరీక్షించుకోవాలి. జాగ్వార్ సంస్థే 1986లో వచ్చిన ఎక్స్‌జే 40 సెడాన్‌తో వెనుక డిస్కులను చక్రాల దగ్గరికి తెచ్చింది.

ప్రశ్న: నా దగ్గరున్న ఈ-టైప్ ఏళ్ల తరబడి షెడ్డులో ఉండిపోయింది. వెనుక కాలిపర్ సిలిండర్ల లోపల తుప్పు గుంటలు పడ్డాయి. పిస్టన్లు మాత్రమే మారిస్తే చాలని ఒకరు, స్లీవ్ (సిలిండరు లోపల తొడిగే గొట్టం) వేయించాలని ఒకరు చెబుతున్నారు. మళ్లీ తుప్పు పట్టకుండా సిలికోన్ బ్రేకు ఆయిల్ పోయవచ్చా? (ఒక పాఠకుడు, హ్యూస్టన్, అమెరికా)

సమాధానం: కాలిపర్ ఏదన్న దాన్ని బట్టి ఇద్దరూ నిజమే చెబుతున్నారు. 1968 చివర నుంచి వచ్చిన రెండో శ్రేణి కార్లలోని గర్లింగ్ కాలిపర్లలో సీలు సిలిండరు గోడలోని గాడిలో కూర్చుని ఉంటుంది, పిస్టన్ దాని మీద జారుతుంది. అందులో నునుపుగా ఉండవలసింది పిస్టన్. గాడి బాగుంటే గోడ మీది చిన్న గుంటల వల్ల ఆయిల్ కారదు. అంతకు ముందరి డన్‌లప్ కాలిపర్లలో సీలు పిస్టన్‌కే తొడిగి ఉంటుంది, అది గోడను రాసుకుంటూ కదులుతుంది. అందులో గోడ మీద గుంట ఉంటే కొత్త పిస్టన్ వేసి లాభం లేదు, స్టెయిన్‌లెస్ స్లీవ్ వేయించాలి లేదా సిలిండరు దిమ్మనే మార్చాలి. స్లీవ్ వేశాక లోపలి వ్యాసం పాతదే ఉండేలా కొలిపించండి. ఎడమ కుడి కాలిపర్లలో వ్యాసం తేడా వస్తే కారు ఒక పక్కకు లాగుతుంది.

సిలికోన్ ఆయిల్, అంటే డాట్ 5, నీటిని పీల్చుకోదు గనుక ఎక్కువ కాలం నిలిపి ఉంచే ప్రదర్శన కారుకు మంచిదే. రేసు కారుకు మేము సలహా ఇవ్వము. వేడి మీద అది కొంచెం ఎక్కువ నొక్కుకుపోతుంది, చిన్న గాలి బుడగలను తొందరగా వదలదు, దానివల్ల పెడల్ మెత్తగా ఉంటుంది. పాత డాట్ 4తో, అంటే మామూలు బ్రేకు ఆయిల్‌తో, కలపకూడదు. డాట్ 4 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం, నీరు పీల్చుకున్నాక ఆ హద్దు 155కు పడిపోతుంది. ఈ కారులో వెనుక కాలిపర్లకు తగిలే వేడికి 155 డిగ్రీలు చాలవు గనుక, రేసుల కాలం మొదలయ్యేముందు ఒకసారి, మధ్యలో మరొకసారి ఆయిల్ మొత్తం మార్చుకోండి.

కాలిపర్లు తిరిగి బిగించేటప్పుడు ఎడమది ఎడమకే, కుడిది కుడికే పోయేలా గుర్తు పెట్టుకోండి. తారుమారైతే గాలి వదిలే నిపిల్ కిందికి వస్తుంది, ఎంతసేపు పెడల్ తొక్కించినా పైభాగంలోని గాలి బయటికి రాదు. రెండు సిలిండర్లనూ కలిపే చిన్న పైపును కూడా దాని అసలు స్థానంలోనే బిగించాలి. డిస్కు దగ్గర వేడి ఎక్కువగా ఉండే వైపుకు అది వంగి ఉంటే సరిచేయించండి.